ఆయాసానికి అలవాటు పడితే: గుండె వాల్వుల జబ్బులు, లక్షణాలు, పరీక్షలు

"ఆయాసం వస్తోందా?"

"లేదండీ, బాగానే ఉన్నా."

"మేడ మెట్లు ఎక్కుతున్నారా?"

"ఎక్కట్లేదండీ. పైన బట్టలు ఆరేసే పని ఇప్పుడు మా కోడలు చూసుకుంటోంది."

"ఎప్పట్నుంచి?"

"పోయిన దసరా నుంచి అనుకుంటా."

గుండె డాక్టర్ల గదుల్లో ఇలాంటి మాటలు రోజూ ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉంటాయి. ఇందులో మొదటి జవాబు అబద్ధమేమీ కాదు. ఆయాసం తెప్పించే పనిని మానేసిన మనిషికి ఆయాసం రాదు మరి. గుండె వాల్వుల జబ్బుతో ఉన్న చిక్కంతా ఇదే. గుండెపోటులా ఒక్కసారిగా ఛాతీ పట్టుకుని కూలబడేలా చేయదు. ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది, మనిషి కూడా అంతే మెల్లగా తన బతుకును కుదించుకుంటాడు. మొదట పరుగు పోతుంది, తర్వాత మెట్లు, తర్వాత బజారు, చివరికి స్నానాల గది దాకా నడక. ప్రతి మెట్టు దగ్గరా ఒక కారణం సిద్ధంగా ఉంటుంది: రక్తం తక్కువ, ఒళ్లొచ్చింది, వయసైంది, టెన్షన్, గ్యాస్. గుండెను అల్ట్రాసౌండ్‌తో చూపించే ఎకో మిషన్లు జిల్లా కేంద్రాల దాకా వచ్చిన ఈ రోజుల్లో కూడా వాల్వు జబ్బు ఆలస్యంగా బయటపడుతోందంటే, మిషన్ల కొరత కన్నా ఈ పేర్లే ఎక్కువ కారణమనిపిస్తుంది.

బ్లాకు వేరు, వాల్వు వేరు

గుండెజబ్బు అనగానే మన ఇళ్లలో ముందు వచ్చే మాట "బ్లాకులు". అవి గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ నాళాల్లో వస్తాయి. స్టెంటు వేసేది వాటికి. పిల్లల విషయంలో వినే "గుండెలో రంధ్రం" మరొకటి, గదుల మధ్య గోడలో పుట్టుకతోనే మిగిలిపోయిన ఖాళీ. వాల్వు ఈ రెండూ కాదు. రక్తం ఒక గది నుంచి మరో గదికి పోయే దారిలో, గుండె నుంచి పెద్ద నాళాల్లోకి దూకే చోట ఉండే తలుపు అది. ఇలాంటివి నాలుగు. కుడి వైపు ట్రైకస్పిడ్, పల్మనరీ; ఎడమ వైపు రెండు గదుల మధ్య మైట్రల్, ఒంటికి రక్తం వెళ్లే చోట అయోర్టిక్. రోజుకు సుమారు లక్ష సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. స్టెతస్కోపులో వినిపించే "లబ్ డబ్"లో లబ్ అనేది మైట్రల్, ట్రైకస్పిడ్ మూతపడిన చప్పుడు, డబ్ అనేది అయోర్టిక్, పల్మనరీ మూతపడిన చప్పుడు. ఆరోగ్యంగా ఉన్న వాల్వు తెరుచుకునేటప్పుడు మాత్రం చప్పుడు చేయదు.

తలుపుకు వచ్చే రోగాలు రెండే. పూర్తిగా తెరుచుకోకపోవడం ఒకటి, పూర్తిగా మూసుకోకపోవడం రెండోది. మొదటిదాన్ని స్టినోసిస్ అంటారు, వాడుకలో "వాల్వు సన్నబడింది" అంటాం. రెండోది రిగర్జిటేషన్, అంటే లీకు. ఒకే వాల్వులో రెండూ కలిసి ఉండడం కూడా మామూలే.

లీకు అంటే ఏమిటో బావి మీద మోటారు పెట్టి నీళ్లు పారించిన రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. ఫుట్ వాల్వు పాడైతే పైకి తోడిన నీళ్లు మళ్లీ బావిలోకే జారిపోతాయి. మోటారు తిరుగుతూనే ఉంటుంది, కరెంటు కాలుతూనే ఉంటుంది, మడికి మాత్రం సగం నీళ్లే. మైట్రల్ వాల్వు లీకయితే గుండె పరిస్థితీ అదే. ప్రతి కొట్టుకోవడంలో కొంత రక్తం ఒంటికి పోకుండా వెనక్కి, ఊపిరితిత్తుల వైపు పోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఎడమ జఠరిక, అంటే ఎడమ వైపు కింది గది, సాగి, పెద్దదై, ఎక్కువ రక్తాన్ని నెట్టడం నేర్చుకుంటుంది. ఇలా ఏళ్లు గడుస్తాయి. మనిషికి తేడా తెలియదు. తెలిసే వేళకు సాగిన కండరం మళ్లీ యథాస్థితికి రాలేనంత అలిసిపోయి ఉండవచ్చు.

జబ్బు ఎక్కువగా ఎడమ వైపు వాల్వులకే రావడానికి ఒక కారణం ఒత్తిడి. ఎడమ జఠరిక 120 దాకా ఒత్తిడి పుట్టిస్తే కుడిది దాదాపు 25తో సరిపెట్టుకుంటుంది. కుడి వైపు వాల్వులు చాలాసార్లు ఎడమ వైపు జబ్బు బరువు మోయలేకే లీకవుతాయి. అందుకే ఇక్కడ ఎక్కువ మాట మైట్రల్, అయోర్టిక్ గురించే.

గొంతు నొప్పితో మొదలై

మన దగ్గర యువతలో కనిపించే వాల్వు జబ్బుకు పెద్ద కారణం రుమాటిక్ జ్వరం. ఇది గొంతులో మొదలవుతుంది. 5 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లలకు గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియాతో గొంతు నొప్పి వస్తుంది. చాలామందికి అది అక్కడితో పోతుంది. కొద్దిమందికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాల తర్వాత జ్వరం, కీళ్ల నొప్పులు మొదలవుతాయి. ఇవాళ మోకాలు వాస్తే రేపు అది తగ్గి చీలమండ వాస్తుంది. బాక్టీరియాను చంపడానికి ఒంట్లో తయారైన రక్షణ వ్యవస్థ, దాన్ని పోలిన గుండె కణజాలాన్ని కూడా శత్రువనుకుని దాడి చేయడం వల్ల వచ్చే గొడవ ఇది. కీళ్ల వాపు మచ్చ మిగలకుండా పోతుంది, ఇంట్లో వాళ్లు మరిచిపోతారు. వాల్వు మరిచిపోదు. ఈ జబ్బు కీళ్లను నాకి గుండెను కరుస్తుందని 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు లాసెగ్ అన్న మాట వైద్య విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకుంటారు. వాల్వు చెడిపోయి వచ్చిన చాలామందికి చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చిన గుర్తే ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రుమాటిక్ గుండెజబ్బుతో బతుకుతున్నవాళ్లు సుమారు 5.5 కోట్ల మంది. ధనిక దేశాల్లో ఇది దాదాపు మాయమైంది. ఆ ఘనత అంతా పెన్సిలిన్‌దే అనుకుంటాం కానీ, అక్కడ ఇళ్లు విశాలమై, ఒకే గదిలో ఆరుగురు పడుకునే అవసరం తగ్గినప్పటి నుంచే, అంటే పెన్సిలిన్ రాకముందే, కేసులు తగ్గడం మొదలైంది. ఇరుకు ఇళ్ల జబ్బు ఇది.

మళ్లీ మళ్లీ దాడి జరిగితే మైట్రల్ వాల్వు రెక్కలు మందమై, అంచుల దగ్గర అతుక్కుంటాయి. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన ద్వారం చేప నోరులా చిన్న చీలికైపోతుంది. 1.5 చదరపు సెంటీమీటర్లకు దిగితే జబ్బు తీవ్రమైనట్టు లెక్క.

ఇక లక్షణాలు. మైట్రల్ వాల్వు సన్నబడిన మనిషి కూర్చుంటే బాగుండి, నడిస్తే ఎందుకు ఆయాసపడుతుంది? దీనికి జవాబు ద్వారం సైజులో సగం, టైములో సగం ఉంది. గుండె కొట్టుకోవడాల మధ్య విరామంలోనే ఈ వాల్వు గుండా రక్తం కిందికి దిగాలి. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటున్నప్పుడు ఆ విరామం అర సెకనుకు పైనే ఉంటుంది. 120కి చేరితే పావు సెకనుకు పడిపోతుంది. ద్వారం ఎలాగూ చిన్నది, తెరిచి ఉండే సమయమూ తగ్గింది. రక్తం ఎడమ కర్ణికలో, అంటే పై గదిలో, నిలిచిపోయి, వెనక్కి ఊపిరితిత్తుల్లోకి ఒత్తిడి ఎక్కుతుంది. ఆయాసం అక్కడి నుంచి వస్తుంది. కాబట్టి గుండె వేగం పెంచేది ఏదైనా ఈ జబ్బును బయటపెడుతుంది: జ్వరం, పరుగు, రక్తహీనత, థైరాయిడ్, అన్నిటికన్నా ఎక్కువగా గర్భం.

గర్భంలో ఒంట్లో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. గుండె వేగమూ పెరుగుతుంది. అప్పటిదాకా పొలం పని కూడా చేసుకున్న అమ్మాయికి అయిదో నెలలోనో ఆరో నెలలోనో పడుకుంటే గాలి ఆడదు. "కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం మామూలేనమ్మా" అని పెద్దవాళ్లు అంటారు, అది చాలావరకు నిజం కూడా. కానీ పడుకుంటే ఎక్కువై లేచి కూర్చుంటే తగ్గే ఆయాసం, అర్ధరాత్రి ఊపిరాడక నిద్రలేచి కిటికీ దగ్గరికి పోయే ఆయాసం, దగ్గులో నురుగు, మామూలు కాదు. ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారని డాక్టర్లు అడిగే ప్రశ్న వెనుక ఉన్నది ఈ తేడాయే. కాన్పు అయిన వెంటనే కూడా ప్రమాదం ఉంటుంది. గర్భసంచి ముడుచుకుని, అక్కడి రక్తం ఒక్కసారిగా గుండె వైపు వస్తుంది. చాలామంది ఆడవాళ్లకు తమ వాల్వు జబ్బు సంగతి మొదట తెలిసేది గర్భం వచ్చాకే. బడిలోనో, కనీసం పెళ్లికి ముందో ఒక్కసారి ఎవరైనా ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఉంటే అన్న ఆలోచన రాకమానదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడి పిల్లల్లో వెతకాల్సిన జబ్బుల జాబితాలో రుమాటిక్ గుండెజబ్బు ఉంది. జాబితాలో ఉండడం వేరు, స్టెతస్కోపు పిల్లాడి ఛాతీ దాకా చేరడం వేరు.

ఈ జబ్బు వేసుకునే వేషాలు కూడా ఎక్కువే. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి దగ్గులో రక్తపు చారలు పడితే టీబీ అనుకుంటారు. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి అనుమానం అటు పోవడం సహజం. పిల్లికూతలు వినిపిస్తే ఉబ్బసం అనుకుంటారు. ఇక్కడ ఒక దెబ్బ మీద దెబ్బ ఉంది. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్, డెరిఫిలిన్ లాంటివి గుండె వేగాన్ని పెంచుతాయి, సన్నబడిన మైట్రల్ వాల్వుకు అదే పడదు. మరో వేషం గొంతు బొంగురుపోవడం. ఉబ్బిన గుండె గది, ఊపిరితిత్తుల నాళం కలిసి స్వరపేటికకు పోయే నరాన్ని నొక్కితే అలా జరుగుతుంది, అరుదుగానే లెండి.

అన్నిటిలోకీ భయపెట్టేది పక్షవాతం. సాగిపోయిన ఎడమ కర్ణిక లయ తప్పి గజిబిజిగా అదురుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఈ స్థితిలో మనిషికి గుండెదడ తెలుస్తుంది, కొందరికి అదీ తెలియదు. నిలిచిన రక్తం గడ్డకట్టి, ఆ ముక్క మెదడుకు పోతుంది. ముప్ఫై ఏళ్లకే పక్షవాతం వచ్చిందంటే బీపీ, షుగర్ చూసి ఊరుకోకుండా వాల్వు చూడాల్సింది అందుకే.

వయసు మీద వేసే నింద

రెండో గుంపు పెద్దవాళ్లది. అయోర్టిక్ వాల్వు రెక్కల్లో ఏళ్ల తరబడి కాల్షియం పేరుకుని రాయిలా బిగుసుకుంటుంది. 3, 4 చదరపు సెంటీమీటర్ల ద్వారం ఒకటికి దిగుతుంది. పుట్టుకతోనే మూడు రెక్కలకు బదులు రెండే ఉన్నవాళ్లలో ఇది ముందుగానే, యాభైల్లోనే రావచ్చు. అలాంటివాళ్లు నూటికి ఒకరిద్దరు ఉంటారు, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఇంట్లో ఒకరికి రెండు రెక్కల వాల్వు అని తేలితే తోబుట్టువులు, పిల్లలు ఒక్కసారి ఎకో తీయించుకోవడం మంచిది.

అయోర్టిక్ వాల్వు బిగుసుకున్నప్పటి లక్షణాలు మూడు. నడిస్తే ఛాతీ పట్టేయడం, శ్రమ చేస్తుండగా కళ్లు తిరిగి పడిపోవడం, ఆయాసం. బస్సు కోసం నాలుగడుగులు పరిగెత్తి సొమ్మసిల్లిన 70 ఏళ్ల మనిషికి సోడా తాగించి, ఎండదెబ్బ అని సరిపెట్టడం మనం చూస్తూనే ఉంటాం. కానీ ఈ మూడింటిలో ఏదైనా మొదలయ్యాక వాల్వు మార్చకపోతే సగటున మిగిలేది రెండు నుంచి ఐదేళ్లేనని వైద్య పుస్తకాల్లో దశాబ్దాలుగా ఉన్న లెక్క. చాలా కాన్సర్ల కన్నా కఠినమైన లెక్క ఇది. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. మోకాళ్ల వల్ల నడక తగ్గుతుంది, నడక తగ్గడం వల్ల ఆయాసం కనపడదు. మోకీలు ఆపరేషన్‌కు ముందు చేసే గుండె పరీక్షలో వాల్వు జబ్బు బయటపడినవాళ్లు తక్కువేమీ కాదు.

లీకుల సంగతి క్లుప్తంగా. మైట్రల్ రెక్క వెనక్కి జారే ప్రొలాప్స్ నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉంటుంది, వాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం ఏమీ కాదు. అయోర్టిక్ లీకులో ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే గుండె పరుపును కొడుతున్నట్టు అనిపిస్తుంది. ఇవి నిదానపు లీకులు. హఠాత్తుగా వచ్చే లీకు వేరు. రెక్కను పట్టి ఉంచే వాల్వు తాడు తెగినా, వాల్వుకు ఇన్‌ఫెక్షన్ సోకి రెక్క చిల్లుపడినా, సర్దుకునే వ్యవధి గుండెకు దొరకదు, మనిషి గంటల్లోనే ప్రమాదంలో పడతాడు. వాల్వు ఇన్‌ఫెక్షన్‌ను ఎండోకార్డైటిస్ అంటారు. వారాల తరబడి తగ్గని జ్వరం దాని ముఖ్య లక్షణం. పాడైన వాల్వు ఉన్న మనిషికి జ్వరం వస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్‌కు తీయాలి. రెండు రోజుల మాత్రలు మింగి వస్తే బాక్టీరియా దొరకదు, జబ్బు మాత్రం పోదు. ఆ బాక్టీరియాల్లో కొన్ని నోట్లోంచే వస్తాయి కాబట్టి వాల్వు జబ్బు ఉన్నవాళ్లకు పళ్ల శుభ్రత కూడా గుండె వైద్యంలో భాగమే.

చెవి నుంచి తెర దాకా

1816లో పారిస్‌లో లేనెక్ అనే వైద్యుడు ఒక యువతి ఛాతీ మీద చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాన్ని గొట్టంలా చుట్టి విన్నాడు. స్టెతస్కోపు పుట్టుక అది. నేటికీ వాల్వు జబ్బు వెతుకులాట అక్కడే మొదలవుతుంది. ఇరుకు ద్వారం గుండా దూసుకుపోయే రక్తం, వెనక్కి చిమ్మే రక్తం చేసే చప్పుడును మర్మర్ అంటారు. ఎప్పుడు వస్తోంది, ఎక్కడ గట్టిగా ఉంది, మెడకు పాకుతోందా చంకకు పాకుతోందా అన్నదాన్ని బట్టి అనుభవం ఉన్న చెవి వాల్వు పేరు చెప్పేస్తుంది. అయితే చప్పుడు పెద్దదైతే జబ్బు పెద్దదని కాదు. గుండె నీరసించి రక్తాన్ని గట్టిగా నెట్టలేని స్థితిలో మర్మర్ సన్నగిల్లుతుంది. మరోవైపు ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో, గర్భిణుల్లో హాని లేని మర్మర్లు వినిపిస్తాయి. మైట్రల్ ఇరుకు చప్పుడు మరీ మంద్రంగా ఉంటుంది. సందడిగా ఉండే ఓపీలో, పక్క రోగి దగ్గుతుండగా, దాన్ని పట్టుకోవడం తేలిక కాదు.

చెవి ఎంత వదిలేస్తుందో 2007లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. కంబోడియా, మొజాంబిక్ బడి పిల్లలను మొదట స్టెతస్కోపుతో, తర్వాత ఎకోతో చూశారు. ఎకోలో దొరికిన రుమాటిక్ కేసులు స్టెతస్కోపుకు దొరికినవాటికి దాదాపు పది రెట్లు. అలా తొలి దశలో దొరికిన పిల్లలకు ఉగాండాలో నెలకోసారి పెన్సిలిన్ ఇచ్చి చూశారు. రెండేళ్లలో జబ్బు ముదిరినవాళ్లు ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 0.8 శాతం, తీసుకోనివారిలో 8.2 శాతం అని 2021లో ఫలితాలు వచ్చాయి.

ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే సాయపడతాయి కానీ వాల్వును చూపించలేవు. "ఈసీజీ బాగుంది" అన్న మాటతో వాల్వు బాగున్నట్టు కాదు, ఈ అపోహ చాలా ఇళ్లలో ఉంది. వాల్వును చూపించేది ఎకో, జనం మాటల్లో "టూడీ ఎకో". 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి గుండె మీద మొదటిసారి అల్ట్రాసౌండ్ వాడారు. వాళ్లను ఆ పనికి పురికొల్పింది కూడా మైట్రల్ వాల్వు జబ్బే. ఆపరేషన్‌కు ముందు వాల్వు ఎలా ఉందో తెలుసుకునే సరైన దారి అప్పటికి లేదు.

ఎకోలో రెక్కల కదలికతో పాటు డాప్లర్ ద్వారా రక్తం వేగం కూడా తెలుస్తుంది. వేగం నుంచి ఒత్తిడి తేడాను లెక్క కట్టే సూత్రం చాలా సులువు: వేగాన్ని వేగంతో గుణించి, మళ్లీ నాలుగుతో గుణించడమే. బాగున్న అయోర్టిక్ వాల్వులో రక్తం సెకనుకు సుమారు ఒక మీటరు వేగంతో పోతుంది, వాల్వుకు అటూ ఇటూ ఒత్తిడి తేడా, బీపీ కొలిచే పాదరసం లెక్కలో, 4 మిల్లీమీటర్లు. అదే 4 మీటర్ల వేగమైతే తేడా 64. అంటే చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ 120 ఉన్నా, లోపల గుండె అంతకన్నా ఎంతో ఎక్కువ ఒత్తిడితో మోస్తోందన్నమాట. చేతి బీపీకి తెలియని బీపీ అది. వేగం 4 మీటర్లు దాటినా, సగటు తేడా 40 దాటినా, ద్వారం ఒక చదరపు సెంటీమీటరుకు దిగినా అయోర్టిక్ ఇరుకును తీవ్రమైనదిగా లెక్కిస్తారు. ఈ అంకెలు ఒకదానితో ఒకటి పొసగని సందర్భాలూ ఉంటాయి. గుండె బలహీనమై రక్తాన్ని నెట్టలేకపోతే, ద్వారం చిన్నదే అయినా వేగం తక్కువ చూపిస్తుంది. అప్పుడు సీటీ స్కాన్‌లో వాల్వు మీది కాల్షియం కొలిచో, మందుతో గుండెను ఉత్తేజపరిచి మళ్లీ ఎకో చేసో తేల్చుకుంటారు. ఛాతీ పైనుంచి బొమ్మ స్పష్టంగా రాకపోతే అన్నవాహికలోకి గొట్టం దించి చేసే ఎకో ఉంది. కర్ణికలో గడ్డ ఉందేమో చూడడానికి అదే నమ్మకమైనది.

రిపోర్టు చేతికి వచ్చాక మొదలయ్యే కంగారు గురించి రెండు మాటలు. "ట్రివియల్ టీఆర్", "మైల్డ్ ఎంఆర్" (ట్రైకస్పిడ్, మైట్రల్ వాల్వుల చిన్న లీకులు) అని చూసి ఇల్లంతా అల్లాడిపోవడం తరచూ జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న చాలామంది గుండెల్లో కూడా, ముఖ్యంగా ట్రైకస్పిడ్ దగ్గర, చిరు లీకు కనిపిస్తుంది. అది జబ్బు కాదు. దీనికి తిరగేసిన తప్పు మరొకటి ఉంది, అదే ప్రమాదకరం. రిపోర్టులో అందరూ వెతికే అంకె ఈఎఫ్, గుండె ప్రతిసారీ ఎంత శాతం రక్తాన్ని బయటికి నెడుతోందో చెప్పేది. 60 శాతం అని ఉంటే ఊపిరి పీల్చుకుంటారు. మైట్రల్ వాల్వు బాగా లీకవుతున్న మనిషికి ఆ నిశ్చింత చెల్లదు. నెట్టిన రక్తంలో పెద్ద వాటా తేలిగ్గా వెనక్కే పోతోంది కాబట్టి అంకె ఎప్పుడూ ఘనంగానే కనిపిస్తుంది, ఫుట్ వాల్వు పోయిన మోటారు జోరుగా తిరిగినట్టు. అందుకే తీవ్రమైన మైట్రల్ లీకులో ఈఎఫ్ 60కి దిగినా, గుండె ముడుచుకున్నప్పటి కొలత 40 మిల్లీమీటర్లకు చేరినా, లక్షణాలు లేకపోయినా సరే, ఆపరేషన్ గురించి మాట్లాడే సమయం వచ్చినట్టే. ఒకరికి మంచి అంకె మరొకరికి హెచ్చరిక.

చెడిన వాల్వుతో బతకడం

చికిత్స గురించి విడిగా ఒక వ్యాసమే రాయాలి. ఇక్కడ పరీక్షలతో ముడిపడినంత వరకే. రుమాటిక్ జబ్బు అని తేలితే మొదటి మందు మూడు నాలుగు వారాలకోసారి తుంటికి ఇచ్చే బెంజాథైన్ పెన్సిలిన్, పెనిడ్యూర్ పేరుతో చాలామందికి తెలిసినది. పెద్దలకు 12 లక్షల యూనిట్లు. ఇది పాడైన వాల్వును బాగుచేయదు, మరో దాడిని ఆపుతుంది. వాల్వు చెడినవాళ్లకు 40 ఏళ్లు వచ్చేదాకా, కొందరికి ఇంకా ఎక్కువ కాలం అవసరం. చౌకైన ఇంజెక్షనే. కానీ నొప్పి ఎక్కువ, వికటిస్తుందేమోనన్న భయంతో చిన్న ఆసుపత్రులు ఇవ్వడానికి వెనుకాడతాయి. కోర్సు మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

అతుక్కున్న మైట్రల్ రెక్కలను విడదీయడానికి 1982లో జపాన్ వైద్యుడు కంజి ఇనూయె మొదలుపెట్టిన బెలూన్ పద్ధతి మన దేశంలో విరివిగా వాడుకలో ఉంది. తొడ దగ్గరి నాళం గుండా వెళ్లి, బెలూన్ ఊది, ద్వారం పెంచుతారు. రెక్కలు మెత్తగా ఉండాలి, కర్ణికలో గడ్డ ఉండకూడదు, లీకు ఎక్కువ ఉండకూడదు. ఇవన్నీ తేల్చేది ఎకోయే. తప్పనిసరైతే గర్భిణులకు కూడా చేస్తారు.

మార్చాల్సి వస్తే లోహపుదా, జంతు కణజాలంతో చేసే టిష్యూదా అన్న ప్రశ్న వస్తుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారుచేసిన చిత్ర వాల్వును 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు. దిగుమతి ధర భరించలేని ఎందరికో అది ఊరటనిచ్చింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భారాన్ని తగ్గించింది. ఆ తర్వాతి జీవితం మాత్రం రోగి మీదే పడుతుంది. లోహపు వాల్వుకు రక్తం పలచబరిచే మాత్ర, అసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ, జీవితాంతం వాడాలి. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష క్రమంగా చేయించుకోవాలి. గోంగూర, తోటకూర, మునగాకు పూర్తిగా మానేయమని చెప్పడం మన దగ్గర అలవాటు. వాటిలోని విటమిన్ కె మాత్ర పనిని తగ్గించే మాట నిజమే. అయితే కావాల్సింది మానేయడం కాదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినడం. కార్తీక మాసమంతా ఆకుకూరలే తిని, సంక్రాంతికి పూర్తిగా మాంసం మీదికి పోతే ఐఎన్ఆర్ కూడా అలాగే ఊగుతుంది. మందుల షాపులో అడిగి కొనుక్కునే నొప్పి మాత్రలు దీనికన్నా ప్రమాదం, రక్తస్రావం చేస్తాయి. కొత్తగా వచ్చిన రక్తం పలచబరిచే మందులు లోహపు వాల్వుకు పనికిరావు. రుమాటిక్ జబ్బుతో గుండె లయ తప్పినవాళ్లలో కూడా పాత మందే మేలని 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనం తేల్చింది.

పిల్లలు కావాలనుకునే అమ్మాయికి ఈ ఎంపిక ఇంకా కష్టం. వార్ఫరిన్ బిడ్డకు హాని చేయవచ్చు. టిష్యూ వాల్వు వేస్తే ఆ మాత్ర బాధ తప్పుతుంది కానీ, చిన్న వయసులో అది త్వరగా అరిగి మళ్లీ ఆపరేషన్ అవసరమవుతుంది. సులువైన జవాబు లేదు. పెళ్లి మాటలు నడుస్తుండగా దాచిపెట్టే విషయం మాత్రం ఇది కాదు.

పెద్దవాళ్ల అయోర్టిక్ వాల్వు విషయంలో దారి మారింది. 2002లో ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో అలన్ క్రిబియె ఛాతీ కోయకుండా, నాళం గుండా కొత్త వాల్వును చేర్చాడు. టావి అనే ఈ పద్ధతి హైదరాబాద్‌లోనూ జరుగుతోంది. ధర ఇంకా మధ్యతరగతికి అందనంత ఎత్తులోనే ఉంది.

తీవ్రత తక్కువగా ఉన్నవాళ్లకు కావాల్సింది ఓపిక, కేలండరు. అయోర్టిక్ ఇరుకు తక్కువగా ఉంటే మూడు నుంచి ఐదేళ్లకోసారి, మధ్యస్థంగా ఉంటే ఏడాది రెండేళ్లకోసారి, తీవ్రమై లక్షణాలు లేకుంటే ఆరు నెలల నుంచి ఏడాదికోసారి ఎకో తీస్తారు. అన్నిటిలోకీ చిక్కు ఈ ఆఖరి గుంపుతోనే. ఎకో తీవ్రం అంటుంది, మనిషి "నాకేం లేదండీ" అంటాడు. అప్పుడు, మనిషికి నిజంగానే లక్షణాలు లేకపోతేనే, పక్కన డాక్టరును పెట్టుకుని ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. లక్షణాలు ఉన్నవాళ్లకు ఈ పరీక్ష చేయకూడదు, ప్రమాదం. బెల్టు కదులుతుంది, వాలు పెరుగుతుంది, బీపీ ఎక్కాల్సింది ఎక్కదు. నాలుగో నిమిషంలో రెయిలింగు పట్టుకుని ఆపమన్న మనిషి, దిగి కూర్చుని చెమట తుడుచుకుంటూ, ఇంట్లో అయితే ఇంత వేగంగా నడవనండీ అంటాడు. ఎప్పట్నుంచి నడవడం లేదని డాక్టరు మళ్లీ అడుగుతారు.